గోళ్లరంగు చుక్కల మీటరు

వేడి మీటరు ముల్లు ఆకుపచ్చ చుక్కను దాటింది. దాటి ఎంతసేపైందో ఆశన్నకు తెలియదు. ఎడపల్లి మలుపులో అడ్డమొచ్చిన బర్రెల మందను తిట్టే పనిలో ఆయన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. తిట్టి, గేరు మార్చి, మళ్లీ చూసేసరికి అది చుక్కకు పైన, వెంట్రుకంత పైన, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ఆ పైన ఎర్రచుక్క. రెంటికీ మధ్య బొటనవేలి గోరంత దూరం. వెనక రైతు భోజన్న చేని చెరుకు, లారీ నడుము వంగేంత ఎత్తు. ముందు జానకంపేట, నిజామాబాద్, అది కూడా దాటి ఎక్కడో ఫ్యాక్టరీ. పక్క సీట్లో కూతురు శృతి, ఒళ్లో టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు చూస్తోంది. ఏమీ అనడం లేదు. అనడం లేదంటే ఏమీ లేనట్టే, పిల్లవి పాము చెవులు, ఇంజన్‌లో ఏ మూల కొత్త చప్పుడు పుట్టినా దానికి తెలియకుండా పోదు, అనుకున్నాడు ఆశన్న. మరి తన చెవులో? ఆ సంగతి ఈ భూమ్మీద ఆయనకు తప్ప ఇంకొకరికి తెలియదు, తెలియనివ్వడు కూడా. తెలిసిన రోజున ఈ సీటు పోతుంది. చెవుడొచ్చిన వాడి బండికి లోడు ఎవడిస్తాడు, ఇస్తే వాడికి బుద్ధి లేనట్టే. నలభై ఏళ్లు కూర్చున్న సీటు ఇది, దీని పరుపు కూడా ఆయన ఒంటి ప్రకారమే గుంటపడింది. ఇందులోంచి దించేస్తే తనలో ఏం మిగులుతుందని ఒకటి రెండుసార్లు ఆలోచించి, భయమేసి మానుకున్నాడు.

అసలా మీటరును నమ్మొచ్చా? లారీ పుట్టి యాభై ఏళ్లు, మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాత మోడలు. డ్యాష్‌బోర్డులో అరచేయంత మీటర్లు మూడు ఉండేవి, మూడూ ఎప్పుడో ప్రాణం విడిచాయి, ఒకదాని అద్దం వెనక సాలీడు కాపురం కూడా పెట్టింది. అచ్చం అటువంటివే కావాలంటే దొరకవు, దొరికినా కొనే స్తోమత లేదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో బ్యాటరీల దుకాణంలో పనిచేసే శృతి ఒక ఆదివారం మూడు చిన్న మీటర్లు పట్టుకొచ్చింది, కార్లకు పెట్టుకునేవి, చవక రకం, ఫోన్లో చూసి తెప్పించినవి. పెద్ద రంధ్రంలో చిన్న మీటరు నిలుస్తుందా, లోపలికి జారిపడదూ? లేతు మిషన్ దగ్గర రింగులు చేయించడం దండగని వంటింట్లోకి పోయి తల్లి స్టీలు డబ్బాల మూతలు మూడు ఎత్తుకొచ్చి నడిమధ్యన గుండ్రంగా కోసేసింది. విమలమ్మ లబోదిబోమంది. పెళ్లి చదివింపుల్లో వచ్చిన డబ్బాలవి, ఇచ్చినవాళ్ల పేర్లు కొట్టించి ఉన్నవి. అందుకే ఇప్పుడు వేడి మీటరు చుట్టూ ఆశన్న తల్లి పెంటవ్వ పేరు వంకరగా తిరిగి ఉంటుంది. చనిపోయి పన్నెండేళ్లయిన తల్లి రోజూ ఆ రింగులోంచి కొడుకు డ్రైవింగు చూస్తున్నట్టే. సరే, రింగులు కుదిరాయి. మీటరుతో వచ్చిన కొత్త సెన్సారు మాత్రం పాత ఇంజన్ రంధ్రానికి పట్టలేదు, మరలు కలవలేదు. చేసేదిలేక పాత సెన్సారే ఉంచింది. పాతదాని లెక్క కొత్తదానికి అర్థం కాదు కదా, మీటరు మీద అంకెలన్నీ అబద్ధమైపోయాయి. ఆ పిల్ల ఊరుకుంటుందా? సెన్సారును అన్నం గిన్నెలో వేసి నీళ్లు కాచింది. వాకిట్లో లారీ, పొయ్యి మీద గిన్నె, రెంటి మధ్య తీగలు, దాటబోయి విమలమ్మ రెండుసార్లు తట్టుకుంది. నీళ్లు బుడగలు లేచి తెర్లినప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో అక్కడ అద్దం మీద గోళ్లరంగుతో ఎర్రచుక్క. తర్వాత బండి నాలుగు రోజులు మామూలుగా తిరిగినప్పుడు ఎక్కడుందో అక్కడ ఆకుపచ్చ చుక్క. ఆకుపచ్చ గోళ్లరంగు ఎవరు పూసుకుంటారో ఆశన్నకు తెలియదు, అదీ దాని దగ్గర ఉంది.

"అంకెలు చూడకు బాపు, గవన్ని ఉత్తయే. నా చుక్కలు చూడు. పచ్చచుక్క కాడుంటే మంచిగున్నట్టు, ఎర్రచుక్క కాడికొస్తే నీళ్లు తెర్లుతున్నట్టు."

"నాకెందుకే గివన్ని? సప్పుడు ఇని తోలెటోన్ని నేను," అన్నాడు ఆశన్న ఆ రోజు, మీసం మీద చేయి వేసి. అన్నాడు గానీ రాత్రి ఎవరూ చూడకుండా పోయి ఆ చుక్కల్ని వేలితో తడిమాడు. ఏడుపొచ్చినంత పనైంది. అడగకుండానే పిల్ల కొత్త చెవులు తెచ్చి పెట్టిందనిపించింది, అదేమో తెలియకుండా పెట్టింది.

చప్పుడు విని తోలడం. అబ్బో, ఆ రోజులు! బోధన్‌లో బాలనర్సయ్య మెకానిక్ షెడ్డుకు ఏ లారీ వచ్చినా, రోగం అంతు చిక్కకపోతే, "ఆశన్నను పిలువుర్రి" అనేవాడు. ఆశన్న పోయి పెద్ద స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు అదిమి, కళ్లు మూసుకునేవాడు. చుట్టూ పదిమంది ఊపిరి బిగబట్టి నిలబడేవారు. "మూడోది," అనేవాడు, "మూడో సిలిండర్ కాడ నట్టు వదులైంది." విప్పి చూస్తే మూడోదే. ఆ మాటకు ఎదురు లేదు. డాక్టరు నాడి చూసినంత మర్యాద. ఆ చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే పట్టు దొరకలేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక దాని సైరన్ ఆగింది. పొద్దున్నే లేపే సైరన్, షిఫ్టు మారే సైరన్, ఊరి పిల్లలంతా బడికి టైము చూసుకునే సైరన్. ఊరంతా బోసిపోయింది, నిశ్శబ్దమైపోయింది అని అందరూ అంటుంటే ఆయనా తలూపాడు. అందరికీ సైరనొక్కటే పోయింది. తనకు దాని వెంట పిచ్చుకలు, కుక్కర్ విజిల్, ఇంటి గేటు గొళ్లెం ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. అది ఫ్యాక్టరీ పోయిన దిగులేమోనని రెండేళ్లు మోసపోయాడు.

తర్వాత దాచడం నేర్చుకున్నాడు. చాయ్ హోటల్లో నలుగురు నవ్వితే నవ్వడం, ఫోనొస్తే "బండి మీదున్న, నువ్వు మాట్లాడు" అని శృతి చేతికివ్వడం, పెదాల వైపు చూడటం. విమలమ్మ వెనక నుంచి పిలిస్తే పలకడు. "ఉలుకు లేదు పలుకు లేదు, ముసలితనంల పొగరెక్కింది నీకు," అని ఆమె ఎదురుగా వచ్చి తిట్టినప్పుడు మాత్రం అర్థమయ్యేది, పొగరే అనుకోనీ అని ఊరుకునేవాడు. పొగరున్నవాడికి లోడు ఇస్తారు. చెవిటివాడికి ఇవ్వరు. అన్నిటికన్నా ఘోరం, పోయిన చలికాలంలో భోజన్న సంగతి. ట్రాక్టరు పక్కన నిలబడి ఏదో చెప్పాడు, మొహం పక్కకు తిప్పుకుని. ఆశన్న నవ్వి, "మంచిదేనాయె, మంచిదే," అన్నాడు. భోజన్న బిత్తరపోయి చూశాడు. అతని అన్న చనిపోయాడని చెప్పాడట, ఇంటికొచ్చాక విమలమ్మ చెబితే తెలిసింది. ఆ రాత్రి ఆశన్నకు ముద్ద దిగలేదు. మర్నాడు భోజన్న కాళ్ల మీద పడాలనిపించింది, పడితే కారణం చెప్పాలి. చెప్పలేదు. ఆ భోజన్నే ఇవాళ తన చెరుకు నమ్మి ఎక్కించాడు. ఎంత మంచివాడో తలుచుకుంటే సిగ్గు.

ముల్లు సగం దూరం వచ్చేసింది. ఆశన్న అరచేయి గేరు రాడ్ మీద పెట్టాడు. చెవులు పోయినప్పటి నుంచి అరచేతులతో, అరికాళ్లతో వింటున్నాడు. ఇంజన్ ఇబ్బంది పడితే రాడ్ వణుకు మారుతుంది, ఫ్లోరు రేకు మీద పాదానికి తెలుస్తుంది. వణుకు ఎప్పటిలాగే ఉంది, ఏమీ మారలేదు. అయితే మీటరే పిచ్చిదా? అన్నం గిన్నెలో కాచిన లెక్క ఎండలో, లోడుతో కూడా అంతేనా? ఆపి చూస్తే పోలేదూ? ఆపితే శృతి అడుగుతుంది, ఎందుకాపినవు బాపు అని. ముల్లు చూసి ఆపిన అంటే, మరి చప్పుడు బాగానే ఉంది కదా అంటుంది. అప్పుడు? చప్పుడు బాగుందో లేదో తనకు తెలిస్తేగా! ఆపకపోతే, మీటరు నిజమే అయితే, నీళ్లన్నీ తెర్లి ఇంజన్ హెడ్డు పగులుతుంది. ఈ మోడల్‌కు హెడ్డు ఏ దుకాణంలోనూ దొరకదు. బాలనర్సయ్య షెడ్డు వెనక అటువంటి లారీ ఒకటి, హెడ్డు పగిలి, తలుపుల్లోంచి తుమ్మ మొక్కలు మొలిచి నిలబడి ఉండేది. ఆపితే సీటు పోతుంది, ఆపకపోతే బండే పోతుంది. ఒరే ఆశన్నా, ఎక్కడ తెచ్చి ఇరికించుకున్నావురా నిన్ను నువ్వు.

అద్దంలో బస్సు కనబడింది, ఆర్టీసీది, దగ్గరగా, చాలా దగ్గరగా. దాని డ్రైవరు ఒక చేయి బయటికి తీసి ఏదో అంటున్నాడు, నోరు తెరుచుకుంటోంది. ఎప్పటి నుంచి హారన్ కొడుతున్నాడో. శృతి కిటికీలోంచి చేయి బయట పెట్టి బస్సును పొమ్మని ఊపింది, ఊపి, తండ్రి వైపు చూసి తల అడ్డంగా ఆడించి నవ్వింది. ఆ నవ్వు ఆయనకు తెలుసు. బాపు మొండి, దారి ఇవ్వడు, అని. సరే, మొండే. ఆశన్న పక్కకు తీశాడు. బస్సు దాటింది, కిటికీల్లో మొహాలు ఇటు తిరిగి చూశాయి, అందరూ లారీ మూతి వైపే చూశారు. పాత బండి కదా, చూస్తారు. ఒక ముసలావిడ మాత్రం కొంగుతో చెవి మూసుకుంది. ఎందుకు మూసుకుంది? బస్సు హారన్ మోతకేమో.

ముల్లు ఎర్రచుక్క వైపు నడుస్తోంది. శృతి ఇప్పుడు రోడ్డు చూడటం లేదు. డబ్బా మూత మీద గోటితో గీస్తూ బానెట్ వైపు చూస్తోంది, తర్వాత ఆయన వైపు, మళ్లీ బానెట్ వైపు. నోరు మెదపడం లేదు. మెదపదు. ఈ క్యాబిన్‌లో ఒక కట్టుబాటు ఉంది, పెట్టింది ఆశన్నే. శృతికి పదేళ్లప్పుడు, సెలవుల్లో బండెక్కినప్పుడు, "బాపు, ఏదో టకటక అంటున్నది," అంది. "ఉస్తాద్ ఇంటుండగ నడుమల మాట్లాడొద్దు," అని గదిమాడు, "నాకు నువ్వు జెప్పేదేంది? నేను అడిగినప్పుడు జెప్పు. అందాక మనసుల పెట్టుకో." ఆయనకు బండి నేర్పిన ఉస్తాద్ చెప్పిందీ అదే. చప్పుడు గురించి చిన్నవాడు ముందు నోరు తెరిస్తే పెద్దవాడిని అవమానించినట్టు. కిలోమీటర్లకు కిలోమీటర్లు నడిపించి, అప్పుడు అడిగేవాడు ఉస్తాద్, ఏమినబడ్డది రా అని. ఆశన్న కూడా కూతురితో అదే ఆట ఆడాడు. అది గెలిచేది. డిప్లొమా చదివింది, రెండేళ్ల కిందట హెవీ లైసెన్సు కూడా తీసింది, లోడు బండి మాత్రం ఆయన ఒక్కసారి చేతికివ్వలేదు. ఇంకా టైముంది బిడ్డా అనేవాడు.

అప్పుడు చూశాడు రెండో మీటరు, ఛార్జింగుది. ముల్లు కిందికి దిగి ఉంది. పొద్దున బోధన్‌లో బయల్దేరినప్పుడు నిటారుగా ఉన్న ముల్లు, ఇప్పుడు నీరసంగా పక్కకు వాలి ఉంది. వేడి ఎక్కుతోంది, ఛార్జింగు దిగుతోంది. తీగ ఎక్కడన్నా వదులైందా? కాదు. పిల్ల చెప్పింది, ఎర్తు తీగ వదులైతే మూడు ముళ్లూ ఒకేసారి ఎగురుతాయని. మూడోది, ఆయిలు మీటరు, దాని చోట అది బుద్ధిగా కూర్చుంది. అంటే తీగ కాదు, మీటర్లు అబద్ధం చెప్పడం లేదు. నీళ్లు తిప్పే పంపు, గాలి కొట్టే ఫ్యాను, ఛార్జింగు చేసే డైనమో, ఈ మూడూ దేని మీద తిరుగుతాయి? ఒక్క బెల్టు మీద. ఫ్యాన్ బెల్టు జారుతోంది! ఆశన్నకు ఒక్క క్షణం సంతోషమేసింది, నిజంగా సంతోషం. షెడ్డులో పదిమంది మధ్య కళ్లు మూసుకుని మూడోది అని చెప్పినప్పటి సంతోషం అది. చెవులు లేకుండా పట్టుకున్నాను, చూశావా అని ఎవరికన్నా చెప్పాలనిపించింది. ఆ క్షణం దాటాక ఇంకోటి తట్టింది. బెల్టు జారితే ఊరికే జారదు. అరుస్తుంది. గొంతు కోస్తున్న పందిలా కీచుమంటుంది, పొలంలో కలుపు తీసే ఆడవాళ్లు కూడా నడుం ఎత్తి చూస్తారు. బస్సులో ముసలావిడ చెవి మూసుకుంది అందుకే. డ్రైవరు అరిచింది అందుకే. ఎడపల్లి నుంచి ఇక్కడి దాకా ఆ కీచు ఈ క్యాబిన్ నిండా మోగుతోంది, పిల్ల దాంట్లోనే కూర్చుని ఉంది, నోరు మూసుకుని, ఉస్తాద్ వింటున్నాడని, ఉస్తాద్‌కు అన్నీ తెలుసని, ఎప్పుడు ఆపాలో ఆయనే ఆపుతాడని.

అయ్యో నా బిడ్డా, అనుకున్నాడు ఆశన్న. దాని మౌనాన్ని నమ్ముకుని తను, తన మౌనాన్ని నమ్ముకుని అది. హెడ్డు పగిలితే పగిలేది. ఇందాక వెనక నుంచి ఆ బస్సు బ్రేకు పడక గుద్ది ఉంటే? చెరుకంతా మీద పడి, పిల్ల కూర్చున్న వైపు... సీటు, సీటు అని ఇంతసేపూ పాకులాడింది ఈ గుంటపడ్డ పరుపు కోసమా? ముల్లు ఎర్రచుక్కను ముట్టింది. జానకంపేట ఇంకా రాలేదు. ఎడమ పక్క పసుపు ఆరబోసిన కళ్లం కనిపించింది, దాని ముందు చదునైన జాగా. ఇండికేటరు వేశాడు, అద్దంలో రెండుసార్లు చూశాడు, దింపాడు. ఇంజన్ ఆపేశాడు. ఆపినందుకు ఆయనకేమీ తేడా తెలియలేదు, గేరు రాడ్ వణకడం మాత్రం మానింది. శృతి భుజాలు ఒక్కసారిగా వదులయ్యాయి. ఆయన ఆమె వైపు పూర్తిగా తిరిగాడు, పెదాలు కనబడేలా.

"ఎప్పటిసంది ఒర్రుతున్నది బిడ్డా?"

"ఏంది?"

"బెల్టు."

"ఎడపల్లి దాటినప్పటిసంది," అంది శృతి. "గింతసేపు ఆపకపోతివి, పరీక్ష పెడ్తున్నవనుకున్న. ఎప్పుడు అడుగుతవా అని చూస్తున్న." నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగింది. "బాపు?"

"నాకు ఇనబడ్తలేదు," అన్నాడు ఆశన్న. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, ఎంత చిన్నగా వచ్చిందో కూడా ఆయనకు తెలియదు. "బెల్టు కాదు. ఏదీ ఇనబడ్తలేదు. మూడేండ్లాయె."

శృతి కళ్లు మీటర్ల మీదికి పోయాయి, ఎర్రచుక్క మీదికి, అక్కడి నుంచి ఆయన చెవి మీదికి. ఏమేమి గుర్తొస్తున్నాయో ఆయన ఆ మొహంలో చదివాడు: ఫోన్లు, అమ్మ తిట్లు, భోజన్న, ఇందాకటి బస్సు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే కోపమొచ్చింది. "మూడేండ్లు!" అంది, "గా బస్సోడు మన ఎనక ఎంతసేపు కొట్టిండో ఎరికేనా? నాకెందుకు చెప్పలే? నేను గీ పక్కన కూసొని ఏం చేస్తున్న మరి?" పెదాలు చాలా వేగంగా కదిలాయి, అన్ని మాటలూ అందలేదు. అందినవి చాలు.

తర్వాత ఇద్దరూ దిగారు. బానెట్ ఎత్తితే సెగ మొహానికి కొట్టింది. చల్లారేదాకా కళ్లం గట్టు మీద కూర్చున్నారు, మధ్యలో టిఫిన్ డబ్బా, ఎవరూ మూత తీయలేదు. పసుపు కొమ్ములు తిరగేస్తున్న ఒకామె మంచినీళ్ల బిందె తెచ్చి ఏదో అడిగింది, శృతి జవాబు చెప్పింది. ఏమడిగిందని ఆశన్న అడిగాడు. ఇట్లా ఒకరిని అడగడం ఆయనకు కొత్త. "ఏమైందంట," అంది శృతి, ఆయనకు కనబడేలా తిరిగి, నెమ్మదిగా. ముప్పావుగంటకు శృతి రేడియేటర్‌లో నీళ్లు పోసి, బెల్టు బిగిసేలా డైనమోను గడ్డపారతో వెనక్కి నెట్టి పట్టింది. బోల్టు ఆశన్న బిగించాడు. బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, సరిపోయింది. ఆ పని చేతులకు ఇంకా బాగానే వచ్చు. శృతి చేతులు తుడుచుకుంది, తుడుచుకుని, అలాగే నిలబడింది. తాళం చేతులు అడగలేదు. అడగదు, ఆ పిల్ల అడగదు. ఆశన్నే జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వెంటనే వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. లారీ మూతి ముందు నుంచి చుట్టి తిరిగి అవతలి తలుపు దగ్గరికి పోయాడు. నలభై ఏళ్లలో తన బండిని ఆ పక్క నుంచి ఎప్పుడూ ఎక్కలేదు. మెట్టు ఎక్కడుందో, పట్టుకోడానికి కడ్డీ ఎక్కడుందో కాలికీ చేతికీ తెలియక, ఆశన్న గాల్లో పాదం ఆడిస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాడు.